రామమోహన్ గారి అరవై ఏళ్ల చక్రం

అమెరికాలో మిషిగన్ రాష్ట్రపు ట్రాయ్‌లో తెలుగువాళ్లు ఎవరింట భోజనాలకు పిలిచినా, పప్పు కంటే ముందు రామమోహన్ గారి వాదన వడ్డించేవారు. పులిహోర బాగా కుదిరిందని ఎవరైనా అంటే, పులిహోరకు పులుపే ప్రాణమని ఎవరు చెప్పారని అందుకునేవాడు. మీరన్నదే నిజమండీ అని ఎదుటివాడు చేతులెత్తేస్తే, అంత తేలిగ్గా ఎలా ఒప్పుకుంటావయ్యా అని దానికీ కోప్పడేవాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనుషులు లోకంలో బోలెడుమంది. ఈయన కుందేలును పట్టకుండానే కాళ్లు లెక్కతేల్చే రకం.

డెబ్బై దాటాయి. పొడగరి. ఇంట్లో కూడా ఇస్త్రీ చొక్కాయే. మిషిగన్ వచ్చిన కొత్తలో ఒక కార్ల కంపెనీలో చేరి, ముప్పై ఏళ్లపాటు ఒకటే పని చేశాడు. రోలర్ల మీద కారును ఎక్కించి, అది ఉన్నచోటే పరుగులు పెడుతుంటే, వెనక పొగగొట్టానికి ఇంకో గొట్టం తగిలించి, ఏ వాయువు ఎంత వస్తోందో కొలిచే పని. అంటే ఆ ఊరి తెలుగువాళ్లలో పొగ సంగతి ఎవరికైనా తెలుసంటే ఈయనకే తెలుసు. ఆ తెలిసిన మనిషే, రిటైరై ఇంట్లో కూర్చున్న ఏడాదికల్లా, మనుషులు వదిలే పొగకీ భూమి వేడెక్కడానికీ సంబంధమే లేదని చెప్పుకు తిరగడం మొదలుపెట్టాడు. ముప్పై ఏళ్లు పొయ్యి దగ్గర కూర్చున్నవాడు నిప్పు కాలదని చెబితే జనానికి అంతకంటే సరదా ఏముంటుంది?

ఎందుకయ్యా ఇలా అంటే, కారణం పెద్దదేం కాదు. అందరూ ఒప్పుకున్నమాట తనూ ఒప్పుకుంటే మైకు చేతికి ఎవరిస్తారు?

ఆయనకొక సిద్ధాంతం ఉంది. తెలుగు సంవత్సరాలు అరవై. ప్రభవతో మొదలై అక్షయతో ముగిసి మళ్లీ ప్రభవకే వస్తాయి. కాబట్టి ఎండలూ వానలూ కూడా అరవై ఏళ్లకోసారి తిరిగొస్తాయట. మొన్నటి క్రోధిలో ఎండలు మండాయా, అరవై ఏళ్ల కిందటి క్రోధిలోనూ మండాయి. వాళ్ల నాన్న పొలంలో కందిచేను నిలువునా ఎండిపోయిందట. ఆ చేనును చూసినవాళ్లు ట్రాయ్‌లో ఒక్కరూ లేరు కనక కాదనేవాళ్లూ లేరు. ఏటా ఉగాదికి తెలుగు సంఘం వాళ్లు స్కూలు ఆడిటోరియం అద్దెకు తీసుకుంటారు. పంతులుగారు పంచాంగం విప్పి వానలెన్ని, పంటలెంత అని చదవడం పూర్తికాగానే రామమోహన్ గారు స్టేజి ఎక్కి తన చక్రం తిప్పుతాడు. పావుగంట. అదొక ఆనవాయితీ అయిపోయింది.

చప్పట్లు కొట్టేవాళ్లకేం, కొడతారు. ఇంటికి మూడు కార్లు, వేసవికి రెండు విమానాలు, మనిషి లేని గదిలో కూడా ఏసీ. అలాంటివాళ్లకు తప్పు నీది కాదు నాయనా, సంవత్సరానిది అని చెప్పేవాడు సాక్షాత్తూ దేవుడు.

ఇంట్లో మాత్రం ఆ దేవుడికి నైవేద్యం లేదు. ఆయన నోరు తెరిస్తే భార్య వసంతలక్ష్మి చెవి మిషను తీసి డబ్బాలో పెట్టి మూత వేసుకునేది. కొడుకు నీరజ్ ఫోన్ ఎత్తుకుని గరాజ్‌లోకి పోయేవాడు. కోడలు రేణు మర్యాదస్తురాలు, "ఓకే మామయ్యగారూ, ఓకే" అంటూ గిన్నెలు మోగించేది. వినేది ఒక్క మనవరాలు మాయ.

మాయకు పదహారు. అక్కడే పుట్టిన పిల్ల. దాని తెలుగు రాళ్లు ఏరని బియ్యంలా ఉండేది. అయినా తాతతో తెలుగే మాట్లాడేది. కారు నేర్చుకుంటోంది, పక్కన పెద్దవాళ్లు కూర్చుంటే తప్ప నడపకూడదు. అమ్మ పక్కన కూర్చుంటే కేకలు, నాన్న కూర్చుంటే నిట్టూర్పులు. అందుకని శనివారం పొద్దున తాతే కూర్చునేవాడు. బిగ్ బీవర్ రోడ్డు మీద అటూ ఇటూ తిరుగుతూ ఆయన మాట్లాడుతుంటే, ఆ పిల్ల అడుగుతూ ఉండేది. ఏడు రోజుల్లో ఆయన మాటకు ఒక మనిషి తల తిప్పేది ఆ కాసేపే. అది పోతే ఆ ఇంట్లో ఆయన గోడలతో మాట్లాడుకోవాలి. ఆ సంగతి ఆయనకూ బాగా తెలుసు.

ఒక శనివారం పెట్రోలు పోసుకోవడానికి ఆగారు.

"తాతా, ఇది అంతా ఎక్కడికి పోతుంది? కాలిపోయాక?" అని అడిగింది మాయ, పంపు పట్టుకుని.

వాదించాల్సిన అవసరం లేనిచోట మనిషి నోట నిజమే వస్తుంది. పైగా తన విద్య గురించి అడిగింది.

"ఒక గ్యాలన్ ఎంత బరువుంటుందో చెప్పు చూద్దాం."

"ఐ డోంట్ నో. ఫైవ్ పౌండ్స్?"

"ఆరు. అది కాలితే గొట్టంలోంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ ఎంతో తెలుసా? ఇరవైకి కాస్త తక్కువ."

"హా? ఆరు పోస్తే ఇరవై ఎలా వస్తుంది? నువ్వు నన్ను ఫూల్ చేస్తున్నావు."

"పిచ్చిదానా, గాలిలో ఆక్సిజన్ వచ్చి కలుస్తుంది కదే. నేను కొలిచాను. ముప్పై ఏళ్లు ఈ చేతుల్తో కొలిచాను."

"తర్వాత?"

"తర్వాతేముంది, పైకి పోతుంది. అందులో కొంత చెట్లూ సముద్రాలూ తాగుతాయి. మిగతాది అక్కడే కూర్చుంటుంది. నేను పోతాను, మీ నాన్న పోతాడు, అది పోదు. వేడిని కిందే పట్టి ఉంచుతుంది."

మాయ పంపు యథాస్థానంలో పెట్టి, తాతను ఒకసారి ఎగాదిగా చూసింది. "మరి ఉగాదికి వేరే చెప్తావు?"

"అది వేరు, ఇది వేరు. ఎక్కు, ఎక్కు. అద్దం చూసుకుని బయటికి తియ్యి."

పిల్ల అద్దం చూసుకుంది. ఆయన మాత్రం చూసుకోలేదు.

ఆ ఏడు సంఘంలో పిల్లలు గొడవ పెట్టారు. ఎప్పుడూ అంకుల్స్ మాట్లాడటమే, మేం వినడమేనా అని. సాంస్కృతిక కార్యదర్శి విద్య, మంచి చెడ్డా రెండూ తన వల్లే జరగాలనుకునే మనిషి, అయితే చర్చ పెడదామంది. భూమి వేడెక్కుతోంది, తప్పెవరిది? ఒక పక్క రామమోహన్ గారు. ఇంకో పక్క పిల్లల్లో ఒకరు. మాయ తనంతట తానే పేరిచ్చింది.

రామమోహన్ గారు సంబరపడ్డాడు. సంబరపడుతూనే ఒక నియమం పెట్టించాడు. చర్చ అంతా తెలుగులోనే జరగాలి. వాడుకలో తెలుగైపోయినవి తప్ప ఇంకే ఇంగ్లీషు మాట దొర్లినా గంట కొడతారు, కొట్టినప్పుడల్లా ఒక మార్కు పోతుంది.

రేణు రాత్రి అన్నాల దగ్గర మెల్లిగా అంది, "మామయ్యగారూ, దానికి అంత తెలుగు రాదు కదండీ. ఫెయిర్ కాదేమో."

"భాష మీద ప్రేమతో పెట్టానమ్మా. ఈ వంకన నేర్చుకుంటుంది."

వసంతలక్ష్మి ఆ పూట చెవి మిషను తియ్యడం మరిచినట్టుంది. "కోడిని కోసే ముందు గింజలు చల్లేవాడూ ప్రేమతోనే చల్లుతాడు," అని పెరుగు గిన్నె ఆయన ముందుకు తోసింది.

మాయ వెరవలేదు. నోటుకార్డులు పట్టుకుని మాటల కోసం ఆ తాత దగ్గరికే వచ్చేది. అట్మాస్ఫియర్‌కి ఏంటి, గ్లేసియర్‌కి ఏంటి, కార్బన్ డయాక్సైడ్‌కి ఏంటి. ఆయన చెప్పేవాడు. మొదటి రెండూ మామూలుగానే చెప్పాడు. మూడోదానికి మాత్రం, ఆయన బళ్లో చదివిన నాటి మాట, ఇప్పుడు ఎవరూ వాడని మాట, 'బొగ్గుపులుసు వాయువు' అని చెప్పాడు. జనం నవ్వుతారని తెలిసే చెప్పాడు. పిల్ల పాపం వల్లెవేసుకుంది.

ఉగాది వచ్చింది. పచ్చడి కాగితం కప్పుల్లో పంచారు, వేపపువ్వు ఫ్రీజర్‌ది. పంచాంగం అయింది. విద్య పట్టుచీరలో, చేతిలో గంటతో స్టేజి మధ్య కూర్చుంది. ఒక పక్క రామమోహన్ గారు, కండువాతో. ఒక పక్క మాయ, లంగావోణీలో, ఓణీ జారకుండా పిన్నులు పెట్టుకుని.

ముందు మాయ మొదలుపెట్టింది. బొగ్గుపులుసు దగ్గర అనుకున్నట్టే నవ్వారు. ముందు వరసలో ఉన్న శ్రేయాస్ అనే సాఫ్ట్‌వేర్ కుర్రాడు, "పులుసులో ఆనపకాయ వేశారా ఆంటీ?" అని పక్కావిడను అడిగాడు, స్టేజి దాకా వినపడేలాగా. మాయ చెవులు ఎర్రబడ్డాయి. కానీ ఆగలేదు.

"తాత చక్రం అంటాడు. చక్రం తిరిగితే మళ్లీ అదే చోటుకి రావాలి. అప్పటి క్రోధి, ఇప్పటి క్రోధి ఒకటే ఉండాలి. కానీ మొత్తం భూమి చూస్తే, ఇప్పటి క్రోధి చాలా ఎక్కువ వేడి. ఒక్క ఊరు కాదు, ఒక్క పొలం కాదు, మొత్తం భూమి. అందుకే ఇది చక్రం కాదు. ఇది మెట్లు ఎక్కుతోంది."

కాగితం కప్పుల చప్పుడు కూడా ఆగింది.

"సూర్యుడు చేశాడు అంటారు. సూర్యుడు చేస్తే, చాలా పైన గాలి కూడా వేడి అవ్వాలి. పైన చల్లబడుతోంది. కింద వేడెక్కుతోంది. దుప్పటి కప్పితే అలాగే కదా? లోపల వెచ్చగా, బయట చల్లగా."

ఎవరో ఒకావిడ "అవును కదా" అనేసి, మొగుడు చూడగానే నోరు మూసుకుంది.

రామమోహన్ గారు మైకు అందుకున్నాడు. జవాబు చెప్పాల్సిన చోట జోకు చెప్పడం ఆయనకు కొత్తేం కాదు. "దుప్పటంటున్నావు బాగానే ఉంది తల్లీ. మొన్న జనవరిలో ఇంటి ముందు మంచు తవ్వింది నేనే కదా, అప్పుడెక్కడికి పోయింది నీ దుప్పటి? మీ అమ్మ ఉతకడానికి వేసిందా?"

హాలు గొల్లుమంది. రేణు కూడా నవ్వింది, ఆపుకోలేక. నవ్వి, తల దించుకుంది. ఒక చలికాలం మంచు తవ్వినంత మాత్రాన భూమి చల్లబడితే, ఒకపూట ఉపవాసమున్నవాడు సన్నబడాలి. అది ఆయనకు తెలియక కాదు. నవ్వించాక ఇంక తెలియాల్సిన పని లేదు.

మాయ కార్డులు కిందపెట్టేసింది. కార్డుల్లో లేనిది మాట్లాడదలచుకుంది.

"ఆ దుప్పటి మనం వేశాం. ఎలా తెలుసు అంటే... ఒక గ్యాలన్ పెట్రోలు ఆరు పౌన్లు. కాలిస్తే ఇరవై దగ్గర వస్తుంది, బొగ్గుపులుసు. పైకి వెళ్లి అక్కడే కూర్చుంటుంది. ఇది పుస్తకం కాదు. ఇది మా తాత చెప్పాడు. ముప్పై ఏళ్లు చేతులతో కొలిచాడు. ఇక్కడ అందరికంటే మా తాతకే ఎక్కువ తెలుసు." తాత వైపు తిరిగింది. ముఖంలో గెలుపూ లేదు, పోట్లాటా లేదు. మార్కులు బాగా వచ్చిన పిల్ల ఇంటికొచ్చి చూపించేటప్పటి ముఖం. "తాతా, నువ్వే కదా చెప్పావు?"

విద్య గంట మీద పెట్టిన చెయ్యి అలాగే ఉంచి, "రామమోహన్ గారూ, అన్నారాండీ మీరు?" అంది.

ఒక్క మాట. అవును. అంతే. అలా అంటే పిల్ల గెలుస్తుంది. అంటే వచ్చే ఉగాదికి ఆ పావుగంట పోతుంది. పక్క ఊరు కాంటన్ నుంచి ఒక డాక్టరు గారు ఆవు మహిమల మీద మాట్లాడతానని మూడేళ్లుగా కాచుక్కూర్చున్నాడు. ఈ మూడు వందల మందీ, ఈ ముఖాలన్నీ ఆయన వైపు తిరగడం ఆగిపోతుంది. ఇంకో పక్క ఆ ఒక్క ముఖం. రామమోహన్ గారు రెండింటినీ చూశాడు. అది తొందరపడి అన్న మాట అని తర్వాత చెప్పుకున్నాడు గానీ, తొందరేం పడలేదు. కండువా సర్దుకునేంత తీరుబడి ఉంది.

"మా మనవరాలు గట్టిది," అన్నాడు, నవ్వుతూ. "గెలవడానికి చివరికి తాతనే సాక్షికి లాక్కొచ్చింది. నేనెప్పుడన్నానమ్మా? కారు నేర్పేటప్పుడు చూపు రోడ్డు మీద పెట్టమన్నాను. అదీ సరిగా వినలేదు!"

హాలు విరగబడి నవ్వింది.

మాయకు మొదట అర్థం కాలేదు. తాత ఏదో ఆడిస్తున్నాడనుకుని కాస్త నవ్వింది కూడా. తర్వాత అర్థమైంది. అయ్యాక, నేర్చుకున్న తెలుగంతా ఒక్కసారి ఎక్కడికో పోయింది.

"యూ సెడ్ ఇట్."

విద్య గంట కొట్టింది.

"ఎట్ ద గ్యాస్ స్టేషన్. యూ సెడ్ ఇట్, తాతా."

గంట. గంట. జనానికి ఆ గంటే పెద్ద వినోదమైంది. పిల్ల నోరు విప్పినప్పుడల్లా కుర్రాళ్లు "గంట, గంట" అని అరిచారు. విద్య నవ్వుతూ కొట్టింది. మార్కులు సున్నా దాటి కిందికి పోయాయని ఎవరో అంటే, "చలికాలం ట్రాయ్ లాగా!" అన్నాడు శ్రేయాస్. పిల్ల ఓణీ పిన్నులు ఊడిపోయేలా గబగబా దిగి వెళ్లిపోయింది. రామమోహన్ గారికి శాలువా కప్పారు.

భోజనాల వరసలో నలుగురు ఆంటీలు మాయను పట్టుకుని బుద్ధులు చెప్పారు. పెద్దవాళ్లు అననిమాట అన్నారనకూడదమ్మా అని ఒకావిడ. ఆడపిల్లకు వాదన అందం కాదని ఇంకొకావిడ. ఆ రెండో ఆవిడ మొగుడితో వాదించి వాదించి ఆయనను కాలిఫోర్నియా పారిపోయేలా చేసిన మనిషి. మాయ అందరికీ "ఓకే ఆంటీ" అంది. అచ్చం వాళ్లమ్మ లాగే.

తర్వాతి శనివారం రామమోహన్ గారు తాళాలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. మాయ మెట్లు దిగి వచ్చి, "డాడ్ తీసుకెళ్తున్నాడు. థాంక్స్ తాతా," అని, కోపం లేకుండా, ఆయన భుజం పక్కనుంచి వెళ్లిపోయింది. కోపం ఉంటే బాగుండును. కోపానికి వాదన ఉంటుంది. మర్యాదకు ఏం ఉంటుంది?

మూడు వారాలు అలా గడిచాక, ఆయన వెళ్లి ఆ పిల్ల గది తలుపు తట్టాడు.

"మాయా, చెప్పింది నేనే. నువ్వు అబద్ధం ఆడలేదు."

"ఐ నో."

"స్టేజి మీద అదొక ఆట అమ్మా. పెద్దయ్యాక నీకే తెలుస్తుంది."

"నాకు ఆట కాదు." లాప్‌టాప్ మీంచి తల ఎత్తలేదు. "వాళ్లందరూ నేను లయర్ అనుకుంటున్నారు. నాకు చెప్పడం ఎందుకు? నాకు తెలుసు కదా. వాళ్లకి చెప్పు."

ఆయన కిందికొచ్చి కూర్చుంటే, వసంతలక్ష్మి ముఖం చూసి కనిపెట్టేసింది. "తిన్న గడ్డి మీరే కక్కాలి. ఇంకొకళ్లు కక్కితే రాదు," అని టీవీ సౌండు పెంచుకుంది.

మే నెలాఖరున విద్య వాళ్లింటి వెనక చెక్క అరుగు లాంటి డెక్ మీద భోజనాలు పెట్టింది. ఉగాదికి వచ్చినవాళ్లంతా ఉన్నారు. మాయ కూడా వచ్చింది, రేణు బలవంతం మీద. గారెలు అయిపోయి, పెరుగన్నం ఇంకా మొదలుకాక ముందు, రామమోహన్ గారు లేచి నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. ఆ మనిషి జన్మలో ఏనాడూ గొంతు సవరించుకోవలసిన పని పడలేదు.

"ఉగాదినాడు మా మాయ చెప్పింది నిజం. ఆ మాట నేనే అన్నాను. కాదని నేను అబద్ధం చెప్పాను."

విద్య గుండెల మీద చెయ్యి వేసుకుంది. "అయ్యో, చూశారా! మనవరాలు చిన్నబుచ్చుకుందని ఆయన అబద్ధాన్ని తన మీద వేసుకుంటున్నారు. ఎంత పెద్ద మనసండీ!"

చప్పట్లు మోగాయి.

"పెద్ద మనసు కాదమ్మా, నిజం చెబుతున్నాను. చక్రం లేదు, గిక్రం లేదు. వేడి మనం చేసిందే. నేను కొలిచాను."

"సూపర్ అంకుల్!" అన్నాడు శ్రేయాస్. "ఆ సైడు కూడా ఇరగదీస్తున్నారు!"

ఆయనకు ఒళ్లు మండింది. గ్యాలను, ఆరు పౌన్లు, ఇరవై పౌన్లు చెప్పాడు. కింద వేడీ పైన చలీ చెప్పాడు. నేలలో కోట్ల ఏళ్లు పూడిపోయిన కర్బనానికీ నిన్నటి చెట్టు కర్బనానికీ తేడా ఉంటుందని, గాలిలో పెరుగుతున్నది ఆ పాతదేనని లెక్కకట్టి పట్టుకున్నారని చెప్పాడు. ఒక్కటీ అబద్ధం కాదు. ఇన్నేళ్లలో ఆయన అంత బాగా ఏనాడూ మాట్లాడలేదు. వాళ్లూ అంత ముచ్చటగా ఏనాడూ వినలేదు. చెయ్యి ఊపినచోటల్లా నవ్వారు, గొంతు వణికినచోటల్లా ఆహా అన్నారు. ఒకాయన వీడియో తీశాడు.

"మీరు ఏ పక్కన మాట్లాడినా వినబుద్ధేస్తుందండీ," అంది విద్య కళ్లు తుడుచుకుంటూ. "వచ్చే ఉగాదికి రెండు పక్షాలూ మీరే వాదించండి. పిల్లలెందుకు మధ్యలో?"

అప్పుడు ఆయనకు దిక్కు తోచక, రెయిలింగ్ దగ్గర నిలబడ్డ మాయ వైపు చెయ్యి చాచాడు. "నువ్వు చెప్పు మాయా. నేను చెప్పలేదూ? ఆ రోజు గ్యాస్ స్టేషన్‌లో, నువ్వు పంపు పట్టుకుని ఉంటే, నేను చెప్పలేదూ?"

అందరూ పిల్ల వైపు తిరిగారు. ఆ పిల్ల తాతను చూసింది. వాళ్లందరినీ చూసింది. నిజం చెబితే మళ్లీ నవ్వుతారని, తాతా మనవరాళ్లు ఎంత బాగా ఆడారో అంటారని, పదహారేళ్ల బుర్రకే తెలిసిపోయింది.

"తాత జోక్ చేస్తున్నాడు ఆంటీ," అని, కాగితం ప్లేటు చెత్తబుట్టలో పడేసి, లోపలికి వెళ్లింది.

అందరూ ఒక్కసారి నవ్వారు. విద్య పెరుగన్నం మూత తీసింది, దానిమ్మ గింజలు కూడా వేశానంది. జనం అటు కదిలారు. రామమోహన్ గారు నిలబడే ఉన్నాడు. "కావాలంటే లెక్క వేసి చూపిస్తాను," అంటున్నాడు, "ఇప్పుడే, ఇక్కడే." ఆవకాయ ఎక్కడుందని ఎవరో అడిగారు.